దివిటీ మంటకు పొడి: గుగ్గిలం, లైకోపోడియం

మండుతున్న దివిటీ మీదికి మెత్తటి పొడి విసిరి, రెప్పపాటు పెద్ద మంట లేపడం వీధి ప్రదర్శనల్లో పాత కిటుకు. ఐరోపా రంగస్థలం మీద ఈ పనికి లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాల పొడి పేరుబడింది. తెలుగునాట అదే పనిని చెట్టు బంక, అంటే గుగ్గిలం, చేస్తూ వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో లైకోపోడియం పేరు ఎవరికైనా తెలిస్తే అది హోమియో మందుగానే. గుగ్గిలం సంగతి అలా కాదు. బోనాల నాడు, మల్లన్న పట్నం వేసిన నాడు నిప్పుల మీద పడి పొగ లేచే సరుకు అది. మైసాక్షితో పాటు పూజా సామాన్ల దుకాణంలో ముద్దలుగా దొరుకుతుంది.

గుగ్గిలం అని అమ్మేది ఒకే చెట్టు బంక కాదు. ఉత్తరాంధ్ర కొండల నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల దాకా పెరిగే సాల వృక్షం బంక, అందుగు చెట్టు బంక, ఇంకా కొన్ని చెట్లవి కూడా ఆ పేరుతోనే చలామణి అవుతాయి. మైసాక్షి వేరే, అది ముళ్ల పొద నుంచి వస్తుంది. పొగకైతే ఏదైనా సరిపోతుంది గానీ మంటకు కావలసింది బాగా ఎండి, పెళుసుగా విరిగి, మెత్తగా నలిగే సాల బంక రకమే.

కరెంటు రాకముందు యక్షగానమైనా, వీధి భాగోతమైనా ఆముదపు దివిటీల వెలుగులోనే తెల్లవార్లూ నడిచేది. ఒకప్పటి కరీంనగర్ జిల్లా, అంటే 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోకి వెళ్లిన ఈ ఊళ్లు, చిందు యక్షగాన బృందాలకు సొంత నేల. ఊరేగింపులోనూ ఆటలోనూ దివిటీ పట్టడం చాకలి వృత్తివాళ్ల బాధ్యతగా ఉండేది. చదువుకున్నవాళ్లు రాసిన నాటక చరిత్రల్లో కవులకు, భాగవతులకు దక్కిన చోటు ఈ దివిటీ పట్టినవాళ్లకు దక్కలేదు. కానీ ప్రేక్షకుడికి ఏ ముఖం కనబడాలో, ఏది చీకట్లో ఉండాలో నిర్ణయించింది వాళ్ల చేతులే.

దివిటీ మీద గుగ్గిలం చల్లే పద్ధతి కృష్ణా జిల్లా కూచిపూడిలో బాగా నమోదైంది. ఉగ్రపాత్ర తెర వెనక నుంచి అడుగుపెట్టేటప్పుడు రెండు పక్కలా నిలబడ్డ దివిటీల మీదికి గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచేది. ఆ వెలుగులో హిరణ్యకశిపుడు అగ్గిమీద గుగ్గిలమై గర్జిస్తుంటే ముందు వరసలో కూర్చున్న పిల్లలు వెనక్కి జరగక ఏం చేస్తారు! ధర్మపురి నరసింహుడి క్షేత్రం ఉన్న జగిత్యాల ప్రాంతానికి ప్రహ్లాద కథ పరాయిది కాదు, అందులో రాక్షసుడి రాకకు ఎంత హడావుడి కావాలో ఇక్కడి ప్రేక్షకులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పొరుగు రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. కర్ణాటక యక్షగానంలో మహిషాసురుడు జనం మధ్య నుంచి వచ్చేటప్పుడు దొంది అనే కాగడాల మీద రాళ పొడి చల్లుతారు. కేరళలో ముడియేట్టు ఆటలో దారికుడనే రాక్షసుడి మీదికి కాళి విరుచుకుపడే ఘట్టాలకు తెల్లి పొడి మంటలు కావాలి. 2010లో యునెస్కో జాబితాకెక్కిన ఆట అది. శ్రీలంక దయ్యాల నృత్యాల్లో ఇదే పొడి దుమ్మల. పేర్లు వేరైనా అన్నీ చెట్టు బంకలే.

ఐరోపా కూడా మొదట బంకతోనే మొదలుపెట్టింది. ఇటలీ వాస్తుశిల్పి సెర్లియో 1545లో అచ్చువేసిన పుస్తకంలో, మూతకు చిల్లులున్న పెట్టెలో వార్నిష్ బంక పొడి పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పెట్టెను పైకి ఎగదోస్తే మెరుపు వచ్చే ఏర్పాటు గురించి రాశాడు. లైకోపోడియం వాడకం ఆ తర్వాత స్థిరపడింది. నాచులా నేల మీద పాకే ఈ మొక్క చల్లటి, తేమ ఉన్న కొండ అడవుల్లో పెరుగుతుంది. కరీంనగర్ మెట్టల్లో దానికి చోటు లేదు. ఎండిన కంకులను దులిపితే లేత పసుపు పొడి రాలుతుంది. జర్మన్లు దాన్ని మంత్రగత్తెల పిండి అన్నారు.

ఆ పొడికి వేదిక బయట కూడా చరిత్ర ఉంది. ఫ్రాన్సులో నియెప్స్ సోదరులు 1807లో పేటెంటు పొందిన పిరియోలోఫోర్ ఇంజను లైకోపోడియం పొడిని గాలితో కలిపి పేల్చి పడవను నడిపింది. పెట్రోలు ఇంజన్ల కన్నా అది ఎన్నో దశాబ్దాలు ముందు. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లో చెస్టర్ కార్ల్‌సన్ తొలి జిరాక్స్ నకలు తీసినప్పుడు అక్షరాలకు అంటుకున్నదీ ఈ పొడే. ఇంజినీరింగ్ కాలేజీల ప్రయోగశాలల్లో గాజు పలక మీద ఈ పొడి పరిచి, లేజర్ కిరణంతో రేణువు పరిమాణం కొలవడం ఇప్పటికీ ఉంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుంది.

పొడి ఎందుకు భగ్గుమంటుంది? లైకోపోడియం సిద్ధబీజం బరువులో దాదాపు సగం నూనె. అయినా ఒక గుప్పెడు కుప్పగా పోసి అగ్గిపుల్ల పెడితే అది సులువుగా అంటుకోదు. గాలిలోకి ఎగజల్లితే ప్రతి రేణువు చుట్టూ ప్రాణవాయువు చేరి, ఒకదాని వేడి మరొకదానికి అంది, మొత్తం ఒక్కసారిగా మండుతుంది. ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాములు తేలితే చాలు. ఈ లెక్కకు మొక్క పేరుతో పెద్దగా పని లేదు. మక్కపిండి, చక్కెర, పసుపు, ఊక ధూళి, మరమగ్గాల కార్ఖానాల్లో ఎగిరే దూది పీచు, అన్నిటికీ వర్తిస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు, మక్క పండే ఊళ్లు, సిరిసిల్లలో నూలుకు గంజి పెట్టే సైజింగ్ యూనిట్లు ఈ సంగతిని ఆటగాళ్ల కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి. మూసిన గదిలో అదే మంట పేలుడవుతుంది.

గుగ్గిలానికీ సిద్ధబీజాల పొడికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. గుగ్గిలం ముందు కరుగుతుంది, తర్వాత మండుతుంది. సగం కాలిన బంక బొట్లు చర్మానికి అతుక్కుంటాయి, గీకినా రావు. మంట పసుపుగా, మసి పొగతో ఉంటుంది. లైకోపోడియం కరగదు, బొట్లు కారదు, మంట చప్పున ఆరిపోతుంది. వేదికల మీద దానికి మర్యాద దక్కింది ఇందుకే. దాని ముప్పు ఊపిరితిత్తులకు, మళ్లీ మళ్లీ పీల్చేవాళ్లకు ఎలర్జీ, ఆయాసం వస్తాయి.

ఇప్పుడు ఈ పట్టణాల్లో వినాయక నిమజ్జనం, బోనాల ఊరేగింపుల్లో కనబడే మంట ఈ రెండూ కాదు. కుర్రాళ్లు నోట్లో కిరోసిన్ పోసుకుని కాగడా మీదికి ఊదుతారు. పాత దివిటీ పద్ధతి కన్నా ఇది చాలా అధ్వానం. ఊదబోయి ఊపిరి లోపలికి పీలిస్తే కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి దిగి రసాయనిక న్యుమోనియా తెస్తుంది. వైద్యులు దీనికి నిప్పు మింగేవాళ్ల ఊపిరితిత్తి అని పేరే పెట్టారు. పెట్రోలైతే ఆవిరి గాలిలో నిలబడి, మంట వెనక్కి ముఖం మీదికి పాకుతుంది. నోట్లో పిండి పోసుకుని ఊదడం కూడా మందు కాదు. తడిసిన ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది.

దివిటీ పద్ధతిలో జాగ్రత్త ఒక్క సూత్రం మీద నడుస్తుంది: పొడి మంట దగ్గరికి పోవాలి, మంట పొడి దగ్గరికి రాకూడదు. అందుకే పొడి డబ్బాకు మూత ఉంటుంది, చేతిలోకి చిటికెడే తీస్తారు, డబ్బా వెనకాల మనిషి దగ్గర ఉంటుంది. మూత తీసిన డబ్బాను దివిటీ మీద వంచితే మంట డబ్బా దాకా ఎగబాకుతుంది. విసిరేది గాలి వీచే వైపుకు, జనానికి దూరంగా, పైకి. పందిరి కింద, ఫంక్షన్ హాల్లో, చీరలు కట్టిన వేదిక మీద అసలు విసరరు. ఒక బకెట్టు ఇసుక, తడిపిన గోనె సంచి, వాటిని పట్టుకుని నిలబడడమే పనిగా ఉన్న ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఫోనులో వీడియో తీస్తుంటే లేనట్టే లెక్క.

బట్టల మాట వేరుగా చెప్పాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద ఎక్కువగా నేసేది పాలిస్టర్. అది దాదాపు 250 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అతుకుతుంది. మంట దగ్గర ఉండేవాళ్లకు బిగుతైన నూలు బట్టలే మేలు, వేళ్లాడే కండువా గానీ, ప్లాస్టిక్ దండ గానీ వద్దు. కాలితే చల్లటి పారే నీటి కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా పూయడం గాయాన్ని ఇంకా పాడుచేస్తుంది.

ఊరేగింపులో గులాల్ చల్లడం, దివిటీలు తిప్పడం ఒకేచోట జరగడం కొత్త ప్రమాదం. ఇప్పుడు అమ్మే రంగుపొడుల్లో చాలావాటికి ఆధారం మక్కపిండి. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఒక నీటి వినోద ఉద్యానంలో సంగీత కార్యక్రమం వేదిక నుంచి చల్లిన రంగు మక్కపిండి అంటుకుని 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది గాయపడ్డారు. అది ఆరుబయటే జరిగింది. హోలీకైనా, నిమజ్జనానికైనా గులాల్ బండి ఒక చివర, దివిటీల గుంపు మరో చివర నడిస్తే ఆ ప్రమాదం ఇక్కడ చాలా తగ్గుతుంది.