పాత పంటల జాతర

జహీరాబాదు ప్రాంతపు ఎఱ్ఱనేలలు వానచినుకును నమ్ముకొన్నవి. ఒక్క చెలకలోనే జొన్న, కంది, కొఱ్ఱ, పెసర, అనుములు కలగలిపి విత్తి, ఒకటి యెండినను మఱియొకటి చేతికి రాకపోదను ధైర్యముతో తరతరములుగా సేద్యము సాగించిన కుటుంబములే, ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములు వచ్చుసరికి, తమ జొన్నరొట్టెను చుట్టముల యెదుట పెట్టుటకు సంకోచింపసాగినవి. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయలకే యిచ్చుట ఆకలిగొన్న యిండ్లకు గొప్ప మేలు. దానిని చిన్నచేసి మాటాడుట తగదు. అయినను చౌకదుకాణమున దొరకునది వరిబియ్యమే యగుటచేత, అన్నమనగా తెల్లని యన్నమే యనియు, తక్కినది లేనివారి తిండి యనియు, ఎవరును దండోరా వేయకయే ఊరూర చాటినట్లయినది.

ఆ సంవత్సరముననే స్థాపితమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పస్తాపూరు కేంద్రముగా, దళిత స్త్రీల సంఘములతో బీడుభూములను సాగునకు తెచ్చినది. 1990ల మధ్యకాలమున, ఆ భూములలో పండిన జొన్నలనే ఊరిలోని పేదలకు చౌకగా పంచు ఏర్పాటును గావించినది. దాని స్థాపకులలో నొకరైన పి.వి. సతీశ్ పూర్వము దూరదర్శన్ నిర్మాత. 1975-76లో ఉపగ్రహముద్వారా పల్లెలకు టెలివిజన్ పాఠములు పంపిన ప్రయోగమున పనిచేసినవాడు. పట్టణమున కూర్చుండి పల్లెకు బోధించు విద్య యొక్క పరిమితిని లోపలినుండి చూచినవాడగుటచేతనే కాబోలు, ఇచ్చట పాతపంటల ప్రచారభారమును రైతుస్త్రీలకే విడిచిపెట్టెను.

వారు ఎంచుకొన్న రూపము జాతర. సంక్రాంతినాడు అలంకరించిన యెడ్లబండ్లు, పదుల రకముల విత్తనములను చిన్నచిన్న పాత్రలలో నింపుకొని బయలుదేరి, రమారమి నెలదినములు ఊరినుండి యూరికి సాగిపోవును. పొలిమేరలో డప్పులు ఎదురువచ్చును. స్త్రీలు పాటలతో బండ్లవెంట నడతురు. పిదప ఊరివారందఱు ఒకచోట గుమికూడి, ఏ విత్తనము తమ యూర మిగిలినది, ఏది మాయమైనది, ఏ సంవత్సరపు కఱవులో ఏ పంట కడుపు నింపినదను విషయములను ముచ్చటింతురు. వినువారే వక్తలగు ఇట్టి సభను మన ప్రచారశాఖలు ఏనాడైన ఊహించియుండునా యని నా సందేహము. విత్తనము లేనివారు సంఘపు నిలువనుండి తీసికొని, పంటనాడు అంతకు మించి కొలిచి మఱల నిత్తురు.

జాతర తమ చేతిలోనిదే యైనను, తమ మాటను ప్రసారము చేయుటకు రేడియో ఆ స్త్రీల చేతికి వచ్చుటకు మాత్రము చాలకాలము పట్టినది. ఆకాశతరంగములు ప్రజలసొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, యునెస్కో సహాయముతో మాచునూరు గ్రామమున స్టూడియో సిద్ధమైనను, అనుమతి రాలేదు. అది వచ్చువఱకు స్త్రీలు తమ మాటలను, పాటలను క్యాసెట్లలో నింపి సంఘసమావేశములందు వినిపించుచు వచ్చిరి. ఎట్టకేలకు 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ ప్రసారము మొదలైనది. విత్తనమును దాచు తీరు, పశువుల వైద్యము, వంటలు, పండుగపాటలు మొదలగునవన్నియు ఆ సీమ యాసలోనే, గ్రాంథికము వ్రాయు నా వంటివానికి ఈర్ష్య కలిగించునంత సజీవముగా వినవచ్చును.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట నగరములలోను ఈ ధాన్యములకు గొప్ప ప్రచారము జరిగినది. అందు మధుమేహము, స్థూలకాయము గూర్చిన మాటలే మెండు. ఏ నేలలో, ఏ పంటతో కలిపి, ఎవరు పండించిరను ప్రస్తావన అరుదు. పేదల తిండియని ఈసడింపబడిన కొఱ్ఱబియ్యము నేడు నగరపు దుకాణములలో సన్నబియ్యముకంటె ప్రియము.