వైద్యుని బల్లపై పిల్లి: నిశ్శబ్దమంతా నెమ్మది కాదు

జంషెడ్‌పూర్: ఒకే తల్లికి పుట్టి ఒకే ఇంట్లో పెరిగిన రెండు పిల్లులు కూడా పశువైద్యుని ఎదుట ఒకే విధంగా ప్రవర్తించవు. ఒకటి బుట్టలోకి తనంతట తానే నడిచి వెళుతుంది. మరొకటి బుట్ట కనిపించగానే బీరువా వెనక్కి దూరుతుంది. బిష్టుపూర్, కద్మా, సోనారి, టెల్కో ప్రాంతాల్లో పిల్లులను పెంచుకునేవారికి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఈ ఉక్కునగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలతో సహా, ఇది ఏటా టీకాల వేళ ఎదురయ్యే అనుభవమే. ఈ తేడాను పెంకితనంగా కొట్టిపారేయడం వల్ల వైద్యం ఆలస్యమవుతుంది. ఒక్కోసారి రోగ నిర్ధారణ కూడా తప్పుతుంది.

దక్షిణ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో 2,802 పెంపుడు పిల్లుల స్వభావాలపై యజమానుల అభిప్రాయాలు సేకరించి ఐదు ప్రధాన గుణాలను గుర్తించారు. అవి బెరుకు, చురుకైన కుతూహలం, ఆధిపత్యం, చపలత్వం, సౌమ్యత. ప్రతి పిల్లిలోనూ ఈ ఐదూ ఎంతో కొంత ఉంటాయి, పాళ్లే వేరు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు మనుషుల చేతుల్లో మెలగిన కూనలు పెద్దయ్యాక కొత్తవారిని సులువుగా అంగీకరిస్తాయి. తండ్రి పిల్లి స్వభావం కూడా సంతతికి సంక్రమిస్తుందని 1990లలోనే పరిశోధనలు తేల్చాయి. వీధిలో పుట్టి, మూడు నెలల వయసులో ఇల్లు చేరిన పిల్లి బెదిరితే అది పెంపకంలో లోపం కాదు.

అన్నింటికన్నా ఎక్కువగా అపార్థానికి గురయ్యేది బెరుకు పిల్లి. బల్లపై అది కరవదు, రక్కదు, అరవదు. శరీరాన్ని ముద్దలా కుదించుకుని, తోకను ఒంటికి చుట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. కనుపాపలు విప్పారి, చెవులు పక్కలకు వాలి ఉంటాయి. ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని యజమాని మురిసిపోతాడు. నిజానికి అది భయంతో బిగుసుకుపోయిన స్థితి. ఆ సమయంలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తంలో చక్కెర సైతం మధుమేహం ఉందేమోనని అనుమానించే స్థాయికి చేరవచ్చు. అందుకే భయపడిన పిల్లి విషయంలో అనుభవజ్ఞులైన వైద్యులు ఒక్క రీడింగ్‌ను నమ్మరు. గడిచిన కొన్ని వారాల చక్కెర తీరును తెలిపే ఫ్రక్టోసమైన్ పరీక్ష చేయిస్తారు. ఇలాంటి పిల్లిని బుట్టలోంచి లాగడం కన్నా, బుట్ట పైభాగం తీసి, కింది భాగంలోనే ఉంచి, తువ్వాలు కప్పి పరీక్షించడం మేలు.

ఆధిపత్య స్వభావం గల పిల్లి ఇందుకు భిన్నం. గదిలో బంధించి కొడితే పిల్లి కూడా తిరగబడుతుందన్న నానుడి దీనికి అక్షరాలా వర్తిస్తుంది. మెడ వెనుక చర్మాన్ని గట్టిగా పట్టి అదిమే పాత పద్ధతి భయాన్ని, పోరాటాన్ని పెంచుతుంది. పిల్లుల వైద్యులకు సంబంధించిన అమెరికా, అంతర్జాతీయ సంఘాలు 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు దీన్ని సమర్థించడం లేదు. ఈ పిల్లి రుసరుసలాడుతుంటే పని ఆపి, మరో రోజుకు వాయిదా వేయడం వైద్యుని ఓటమి కాదు. కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లుల ద్వారా కూడా రేబిస్ సోకుతుంది.

కుతూహలం గల పిల్లికి గదిని వాసన చూసి తిరిగే వీలిస్తే సగం పని అయినట్లే. సౌమ్యమైనది తినుబండారానికి లొంగుతుంది. చపలమైన పిల్లి ఏ క్షణాన ఏం చేస్తుందో చెప్పలేం కాబట్టి తలుపులు, కిటికీలు మూసి ఉంచడమే జాగ్రత్త.

జూబిలీ పార్కు పక్కన ఉన్న జంతు ప్రదర్శనశాల వంటి చోట్ల పులులకు, చిరుతలకు వైద్యుడే వాటి ఆవరణకు వెళ్తాడు. ఇంటి పిల్లికి ఆ సౌకర్యం అరుదు. తన హద్దుల నుంచి బయటపడటమే దానికి తొలి దెబ్బ, సూది ఆ తర్వాతిది. ద్విచక్ర వాహనంపై గోనెసంచిలో, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లడం ప్రమాదకరం. 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ వేసవిలో ఉదయాన్నే బయలుదేరడం మంచిది. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే దాన్ని అలసటగా భావించరాదు, అది అత్యవసర పరిస్థితి.

బుట్టను ప్రయాణం రోజునే అటక మీంచి దించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అది ఎప్పుడూ తెరిచి, లోపల పాత దుప్పటితో గదిలో ఉండాలి. వియన్నాలో ఆరు వారాల పాటు బుట్టకు అలవాటు చేసిన పిల్లులు ప్రయాణంలో తక్కువ ఒత్తిడికి లోనయ్యాయని, వాటి పరీక్ష కూడా త్వరగా ముగిసిందని 2018లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అప్పటికీ తీవ్రంగా బెదిరే పిల్లికి బయలుదేరే ముందు గాబాపెంటిన్ ఇవ్వవచ్చు. మోతాదు నిర్ణయించాల్సింది వైద్యుడే. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేయరాదు. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

ఇబ్బంది ఎందుకని వైద్యుని దగ్గరకు వెళ్లడమే మానేస్తే నష్టం పిల్లికే. మూత్రపిండాల జబ్బును అది నెలల తరబడి పైకి తెలియనివ్వదు. మగ పిల్లికి మూత్రం ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఆ స్థితిలో స్వభావాన్ని బుజ్జగించే వ్యవధి ఉండదు.

తిరిగి వచ్చాక ఇంట్లోని రెండో పిల్లి బుస కొడితే కంగారుపడనక్కర్లేదు. ఆసుపత్రి వాసన దానికి కొత్త. వచ్చిన పిల్లిని కొన్ని గంటలు వేరే గదిలో ఉంచి, ఇంటి దుప్పటిపై పడుకోనిస్తే సాధారణంగా గొడవ సద్దుమణుగుతుంది.