పరిగె ఏరే హక్కు

ఉద్యమంలో తిరిగే పిల్లలు ఎప్పుడు కలిసినా నన్నొక మాట అడుగుతారు. "బైబిలు మనోళ్ళకు ఓర్చుకోవడం తప్ప ఇంకేం నేర్పింది?" అని. అడగాల్సిన మాటే. తెచ్చినోడు తెల్లదొర, పుస్తకం పరాయిది, పరలోకంలో కూడు దొరుకుతుందని చెప్తే ఇక్కడ కడుపులు కాల్చుకున్నారు అనేది వాళ్ళ వాదన. దీనికి వాదంతో జవాబు చెప్పే పని పెట్టుకోను. మా కొత్తపల్లె మాలపల్లెలో ఆ పుస్తకాన్ని ఎవరు చదివారు, ఎట్లా చదివారు, చదివి ఏం చేశారు అన్నది మాత్రం చెప్తాను. ఇది మా చరిత్ర. మేం రాసుకుంటే తప్ప ఎవరూ రాయని చరిత్ర.

మాది నంద్యాల, ఆళ్ళగడ్డల నడుమ నల్లరేగడి నేల. తూర్పున నల్లమల. అహోబిలం మాకు దగ్గరే. కానీ ఆ గుడి గడప మా తాతలకు దగ్గర కాదు. ఇక చదువు మాట సరేసరి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం పోయమన్నది గౌతమ ధర్మసూత్రం. శూద్రుడికే అట్లయితే ఊరి బయటోడి గతి చెప్పేదేముంది? మా తాతలకు అందిన జ్ఞానమంతా పోతులూరి వీరబ్రహ్మం తత్వాలే. బనగానపల్లె రవ్వలకొండ మాకు దూరం కాదు. దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ఆయన శిష్యులని మావాళ్ళు తంబుర మీటి పాడుకునేటోళ్ళు. కాలం తిరగబడుతుందనే ఆశ మాకు మిషనరీలు తెచ్చిపెట్టింది కాదు. అది ముందునుంచీ ఉన్నదే. వాళ్ళు తెచ్చింది అక్షరం.

1839లో కర్నూలు నవాబు నుంచి ఈ సీమ కుంపిణీ చేతికి పోయింది. 1850ల్లో యస్.పి.జి. మిషన్ వాళ్ళు మా దిక్కుకు వచ్చారు. ఆళ్ళగడ్డకు దగ్గరున్న ముత్యాలపాడులో జాన్ క్లే దొర కాపురం పెట్టాడు. తర్వాత నంద్యాల పెద్ద కేంద్రమైంది. 1876-78లో ధాత కరువొచ్చింది. 1871 జనాభా లెక్కలో 9 లక్షలు దాటి ఉన్న కర్నూలు జిల్లా 1881 లెక్కకు 7 లక్షల లోపుకు పడిపోయింది. ఆ చచ్చినోళ్ళలో ఎక్కువమంది ఎవరై ఉంటారో మీకు చెప్పనక్కరలేదు. ఆ కరువు రోజుల్లోనే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర క్లౌ దొర బాప్టిస్టు సంఘం 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మమిచ్చింది. గంజి కోసం మతం మారినారని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆకలిగొన్నోడు గంజి దొరికే చోటికి పోవడం తప్పెట్లా అవుతుంది? కరువు పోయింది, గంజి కడవలూ పోయినాయి. ఆ తర్వాత కూడా మావాళ్ళు సాయంత్రమయ్యేసరికి చాప పరుచుకొని కూర్చున్నారు. దానికి గంజి జవాబు కాదు.

ఎందుకు కూర్చున్నారో చెప్తాను. ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకంలో ఒక ఏర్పాటుంది. 150 కీర్తనలను 30 రోజులకు పంచి, ఉదయానికి కొన్ని, సాయంకాలానికి కొన్ని చదవమంటుంది. వాటి వెంట పాత నిబంధన పాఠమొకటి, కొత్త నిబంధన పాఠమొకటి. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు నంద్యాల వైపు సంఘాలు చాలామట్టుకు అందులో కలవలేదు, 1970ల్లో గానీ కలవలేదు. అందువల్ల నా చిన్నతనం దాకా ఆ పాత పద్ధతే నడిచింది. కూలికి పోయే పల్లెలో పొద్దున ప్రార్థన కుదిరేది తక్కువ. సాయంత్రం మాత్రం తప్పేది కాదు. ఉపదేశి చదివేవాడు. ఆయన లేని రోజు బడికిపోయే పిల్లల్లో ఒకర్ని నిలబెట్టేవాళ్ళు. అట్లా బుడ్డి వెలుగులో నేనూ చదివినాను. ఊర్లో వాళ్ళ ముందర నోరెత్తడానికి లేని కులంలో పుట్టిన పిల్లోడు, తన పెద్దల ముందర నిలబడి గట్టిగా చదవడం, అంతమంది నిశ్శబ్దంగా వినడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

ఆ తెలుగు మాది కాదు. 1812లో సిరాంపూర్‌లో అచ్చైన తొలి తెలుగు సువార్తల వెనక విశాఖపట్నం మిషనరీల పక్కన పనిచేసిన ఆనందరాయరు బ్రాహ్మణుడు. 1850ల్లో మొత్తం బైబిలు అచ్చయినా భాష ఆ గ్రాంథికమే. నేను ఒక వాక్యం చదివి ఆగితే మా జేజి దాన్ని మా మాటల్లోకి దించేది. అక్షరమ్ముక్క రాని మనిషి. ఐగుప్తులో ఇటుకలు చేసేవాళ్ళకు గడ్డి ఇవ్వకుండానే లెక్క తగ్గగూడదన్నాడని నిర్గమకాండంలో వస్తే, "మన రెడ్డి మాదిరే గదరా నాయనా వాడూ" అనేది. మాకు ఫరో ఎవరో ఏ అయ్యగారూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

కే.సీ. కాలువ కింద వరి కోతలైనాక ఆడోళ్ళు రాలిన కంకులు ఏరుకునేవాళ్ళు. దాన్నే పరిగె అంటాం. ఒక ఏడు ఆసామి మనుషులు వచ్చి పరిగె ఏరేవాళ్ళను తరిమినారు, ఒళ్ళో కట్టుకున్న కంకులు దులిపించినారు. ఆ రోజుల్లోనే సాయంకాలం పాఠంలో రూతు కథ వచ్చింది. మోయాబు నుంచి వచ్చిన దిక్కులేని ఆడమనిషి బోయజు చేలో పరిగె ఏరుకొని అత్తను సాకింది. లేవీయకాండం 19వ అధ్యాయమైతే ఇంకా ముందుకు పోయింది. చేను అంచుల దాకా కోయొద్దు, రాలింది ఏరుకోవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదలమని. జేజి ఆ అధ్యాయం నాతో మూడుసార్లు చదివించుకుంది. "అంటే అది బిచ్చం కాదన్నమాట. మనకు రావాల్సిందే" అంది. మరుసటి ఏడు ఆడోళ్ళు విడివిడిగా పోలేదు. ఇరవై మంది కలిసి ఒకే చేలో దిగినారు. ఆసామి మనిషి అరిస్తే జేజి నడుము ఎత్తకుండానే చెప్పింది: "దేవుడు రాసిచ్చినాడు రెడ్డీ, నీకు తెలీకపోతే పిల్లోన్ని పిలిపిస్తా, సదివి ఇనిపిస్తాడు." వాళ్ళు వెళ్ళగొట్టలేకపోయినారు.

ఇది విప్లవం అనను. భూమి చేతులు మారలేదు. కానీ యాచన అనుకున్నది హక్కు అని తెలిసింది. కోత కూలి ఎగ్గొట్టిన రైతుల మీద యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఎంత గట్టిగా మాట్లాడుతుందో మా నాయన కూలి బాకీ అడగబోయే ముందు చదివించుకునేవాడు. కొత్త సంవత్సరం నాడు తీసిన వాగ్దాన చీటీని మా అమ్మ బియ్యం డబ్బాలో దాచుకొని కష్టమొచ్చినప్పుడల్లా ముట్టుకునేది. ఆశ అంటే మాకు ఇట్లాంటిదే. రేపు పనిలోకి పోవడానికి కావలసినంత.

ఇదే పుస్తకాన్ని మా నోరు మూయించడానికీ వాడినారు. యజమానులకు లోబడమనే పత్రికలే ఏరి చదివే అయ్యగార్లు ఉన్నారు. భారత క్రైస్తవులు తమ సామాజిక అన్యాయాల మీద పోరాడలేదని అంబేద్కర్ విమర్శించాడు. ఆయన మాట మనం వినాలి. యూదుడూ గ్రీసుదేశస్థుడూ అనే తేడా లేదనే గలతీ పత్రికను మాలలు తమ గుడిలో, మాదిగలు తమ గుడిలో వేర్వేరుగా చదువుకున్న సిగ్గుచేటు కూడా మన చరిత్రలోదే. వాక్యం తనంతట తాను కులాన్ని చంపదు.

రాజ్యమూ తన వంతు చేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్నే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళను బి.సి.-సి లో పెట్టారు. అందుకే మా ఇండ్లల్లో ఒక పేరు ప్రార్థనలో, ఇంకో పేరు బడి రిజిస్టరులో. రూతు కథ చదివిన నోటితోనే "హిందూ మాల" అని చెప్పాల్సి వచ్చేది. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని వెంటాడి చంపినోళ్ళు మాత్రం ఎవరిదే మతమని అడగలేదు. ప్రాణాలతో మిగిలినోళ్ళు చీరాల చర్చి ఆవరణకే పోయి తలదాచుకున్నారు. 2022లో ఈ హోదా విషయం తేల్చమని కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మతం మారితే కులం పోయిందని కాగితం మీద రాయొచ్చు. మాలపల్లె మాత్రం ఊరి బయటే ఉండిపోయింది.

విద్యార్థులకు నేను చెప్పేదొకటే. మీ ఇంట్లో చిరిగిన బైబిలు ఉంటే తీసి చూడండి. నమ్మకపోయినా ఫర్వాలేదు. మీ అవ్వ, మీ తాత ఏ అధ్యాయం దగ్గర గీత గీయించుకున్నారో, ఏ పేజీ వేలిముద్రలతో నల్లబడిందో చూడండి. వాళ్ళు బతికుంటే ఎందుకని అడిగి రాసుకోండి. కూలి బాకీలు, పరిగె గొడవలు, తరిమిన ఆసాములు, ఎదురు తిరిగిన ఆడోళ్ళు అందరూ ఆ గీతల పక్కనే దొరుకుతారు.