పెరట్లో నిలబడ్డవాడు

హత్యకేసుల్లో కోర్టువాళ్ల నోట నానే మాట ‘302 రెడ్ విత్ 34’. కత్తి దించింది ఏ-1 అయినా, ఏ-2, ఏ-3ల మెడకూ ఉరి చుట్టేది ఆ ముప్పైనాలుగే. (2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 3(5). అంకె మారింది, సంగతి అదే.)

1860 నాటి పీనల్ కోడ్‌లో ఈ సెక్షన్ మరీ పొట్టిది. నలుగురు కలిసి నేరం చేస్తే, ప్రతివాడూ తానొక్కడే చేసినట్టు బాధ్యుడు. ఏ ఉద్దేశంతో కలిశారన్న ఊసే లేదు. 1866లో గోరాచంద్ గోప్ కేసులో బార్న్స్ పీకాక్ అన్న న్యాయమూర్తి ఆ లోటు పట్టుకున్నాడు. పక్కనున్నంత మాత్రాన పక్కవాడి హత్య నెత్తికి చుట్టుకోదన్నాడు. 1870లో ‘అందరి ఉమ్మడి ఉద్దేశం నెరవేర్చడానికి’ అన్న ముక్క చట్టంలో చేరింది.

దాని అసలు పరీక్ష కలకత్తాలో జరిగింది. 1923 ఆగస్టు 3న శంకరిటోలా పోస్టాఫీసు వెనకగదిలో పోస్టుమాస్టరు బల్లమీద డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు. పెరటి వైపు గుమ్మంలోకి కొందరు వచ్చి డబ్బిమ్మన్నారు, ఆ వెంటనే పిస్తోళ్లు పేల్చారు. ఒక తూటా చేతికి, ఒకటి చంక దగ్గర తగిలి పోస్టుమాస్టరు చనిపోయాడు. పైసా ముట్టకుండానే తలో దిక్కూ పారిపోయారు. పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన, కాల్పులకు జంకకుండా, ఒకణ్ణి వెంటాడి పట్టించాడు. ఇంత తెగువ చూపినవాడి కథ లా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరి!

దొరికినవాడు బరేంద్ర కుమార్ ఘోష్. నేను పెరట్లోనే నిలబడ్డాను, భయంతో వణికిపోయాను, కాల్చలేదు అన్నాడు. అందరూ ఒకే పని చేస్తేనే ముప్పైనాలుగు వర్తిస్తుందని అతని వకీళ్ల వాదన. లండన్‌లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఇద్దరు కాల్చి, చంపిన తూటా ఎవరిదో తేలకపోతే ఇద్దర్నీ వదిలేయాలా? ‘నేరపు పని’ అంటే ఒక్కొక్కరి చేష్ట కాదు, అందరి చేష్టలూ కలిసిన మొత్తం అని తీర్పు చెప్పిన లార్డ్ సమ్నర్ తేల్చాడు. కాపలా కాసినవాడూ హంతకుడే అయ్యాడు.

ఈ తర్కం ఎంత పదునో అంత ప్రమాదం. దానికి కళ్లెం 1945లో పడింది. సింధు నది ఒడ్డున రెల్లు కోసుకున్న తగాదాలో, తమవాణ్ణి కొడుతున్నారని అరుపులు విని వలీ షా, మహబూబ్ షా తుపాకులతో పరుగెత్తుకొచ్చారు. వలీ షా ఒకణ్ణి కాల్చి చంపాడు. మహబూబ్ షా ఇంకొకణ్ణి గాయపరిచాడు. వలీ షా పరారీ కావడంతో హత్యానేరం మహబూబ్ మీద పడింది, ఉరిశిక్ష వేశారు. ఇద్దరికీ ఒకేలాంటి ఉద్దేశం ఉండొచ్చు గానీ, ముందుగా అనుకున్న ఉమ్మడి ఉద్దేశం ఏదీ అని అడిగి, ప్రివీ కౌన్సిల్ ఆ ఉరి రద్దు చేసింది. పెరట్లో వణికానన్నవాడికి దొరకని మినహాయింపు, తుపాకీ పేల్చినవాడికి దొరికింది.