పాత హార్డ్ డిస్క్ కాటా ఎక్కే ముందు: లోహం మనది, లోపలి డేటా అమానత్

నరసరావుపేటలో ఫొటో స్టూడియో కంప్యూటర్ మార్చినా, మాచర్లలో నెట్ సెంటర్ మూతపడినా, గురజాలలో పిల్లల డెస్క్‌టాప్ పాడైనా, పాత పెట్టె చివరికి చేరేది పాత ఇనుము కొట్టుకే. హార్డ్ డిస్క్‌ని ఇనుముతో కలిపి తూచేస్తే రెండు నష్టాలు. ఒకటి, అందులోని అల్యూమినియం, రాగి కూడా ఇనుము ధరకే పోతాయి. రెండోది ఇంకా పెద్దది. నికాహ్ ఫొటోలు, ఇంటి ఆడవాళ్ల వీడియోలు, ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్లు డిస్క్‌తో పాటే వెళ్లిపోతాయి. నలుగురు నమ్మి ఇచ్చిన ఆ సమాచారం మన దగ్గర అమానత్. కాబట్టి ముందు డేటా, తర్వాతే లోహం.

డిలీట్ చేస్తే పోదు

ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా డేటా డిస్క్ మీదే ఉంటది. క్విక్ ఫార్మాట్ చేసినా అంతే. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు దాన్ని వెనక్కి తీయగలరు. ఇంట్లోని మామూలు అయస్కాంతం రుద్దితే చెరిగిపోతుందనేది కూడా అపోహే.

డిస్క్ పనిచేస్తుంటే వేరే కంప్యూటర్‌కు కలిపి, విండోస్‌లో ‘క్విక్ ఫార్మాట్’ దగ్గర టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయాలి. విస్టా నుంచి వచ్చిన విండోస్‌లలో ఇది డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. గంటలు పట్టొచ్చు. డిస్క్‌లో రెండు మూడు పార్టిషన్లు ఉంటే అన్నింటికీ చేయాలి. అలా తుడిచిన డిస్క్ బాగానే పనిచేస్తుంటే తుక్కు కింద అమ్మకండి. మద్రసాకో, చదువుకునే పిల్లలకో ఇస్తే ఇంకొన్నేళ్లు వాడుకుంటారు.

పనిచేయని డిస్క్ అయితే లోపలి పళ్లేలకు రెండు మూడు చోట్ల డ్రిల్‌తో రంధ్రాలు వేయాలి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలావరకు గాజువి, పగిలి ముక్కలు ఎగురుతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. ఎస్‌ఎస్‌డీలో పళ్లేలు, అయస్కాంతాలు ఉండవు. డేటా మొత్తం చిప్‌లలోనే ఉంటది కాబట్టి ప్రతి చిప్‌నూ పగలగొట్టాలి.

లోపల ఏముంటది?

డెస్క్‌టాప్‌లో వాడే మూడున్నర అంగుళాల డిస్క్ సుమారు 400 నుంచి 700 గ్రాములు, ల్యాప్‌టాప్‌ది 100 గ్రాముల దగ్గర తూగుతుంది.

- కింది పెట్టె: పోత అల్యూమినియం. బరువులో పెద్ద వాటా దీనిదే.
- పై మూత: చాలావాటిలో స్టీలు, కొన్నింటిలో అల్యూమినియం.
- పళ్లేలు: డెస్క్‌టాప్ డిస్కుల్లో ఎక్కువగా అల్యూమినియం. పైన కోబాల్ట్, ప్లాటినం కలిసిన పలచటి పొర ఉంటది. ఇది నానోమీటర్ల మందమే, ఇంట్లో తీయగలిగేది కాదు.
- మోటారు, ముల్లు కదిపే చుట్ట: కొద్దిగా రాగి.
- ఆకుపచ్చ బోర్డు: రాగి, కొద్దిపాటి బంగారు పూత.
- అయస్కాంతాలు: నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసినవి. పైన నికెల్ పూత ఉంటది.

స్క్రూలు నక్షత్రం ఆకారంలో ఉంటాయి. టోర్క్స్ టీ6, టీ8 స్క్రూ డ్రైవర్లు ఉంటే చాలావరకు వచ్చేస్తాయి. ఒక్కోటి లేబుల్ కింద దాక్కుని ఉంటది. విప్పినవి అల్యూమినియం, స్టీలు, బోర్డు, అయస్కాంతం అని వేరు చేసి, దేనికి దానికి రేటు అడగండి.

ఆ చిన్న అయస్కాంతం విలువ

నియోడిమియం అరుదైన ఖనిజాల కోవలోది. ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లకు, గాలిమరలకు ఇదే కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టడంతో మన దేశంలో వాహన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరులో కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు కేంద్రం 1,500 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఐక్యరాజ్య సమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. పద్ధతి ప్రకారం రీసైకిల్ అయ్యింది 22.3 శాతమే.

ఇంట్లో మాత్రం ఈ అయస్కాంతాలతో జాగ్రత్త. రెండు ఒక్కసారిగా అతుక్కుంటే మధ్యలో వేలు నలుగుతుంది. పిల్లలు రెండు మింగితే పేగుల్ని పట్టేసి ప్రాణం మీదకొస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గరకు తీసుకెళ్లొద్దు. గ్రైండర్‌తో కోయొద్దు, దాని పొడికి నిప్పు అంటుకుంటుంది.

ఇవి చేయొద్దు

రాగి కోసం వైర్లు, బోర్డులు కాల్చొద్దు. బంగారం కోసం యాసిడ్‌లో ముంచొద్దు. వచ్చే బంగారం పిసరంత, పొగ, సీసం మాత్రం ఇంటిల్లిపాదికీ. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో బోర్డులు కాల్చి కడిగిన బూడిద రామగంగా నది ఒడ్డునే గుట్టలు పడింది. ఆ పని చేసింది పేద కుటుంబాలే, నష్టపోయిందీ వాళ్లే.

ఎవరికి ఇవ్వాలి?

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. ఆ నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఒకటి రెండు డిస్కుల కోసం అంత దూరం వెళ్లలేం అనిపిస్తే, వీధిలో పది ఇళ్లవి, స్టూడియోలవి, కాలేజీలవి ఒకచోట చేర్చి ఒకేసారి పంపొచ్చు. పాత ఇనుము వ్యాపారం చేసే మన సోదరులు కూడా బోర్డుల్ని కాల్చకుండా పోగుచేసి అలాంటి చోటికే అమ్మాలి.

కొట్టు పెట్టుకున్నవాళ్లు ఇంకొక్కటి గుర్తుంచుకోవాలి. కొన్న డిస్క్‌లో ఏముందోనని తెరిచి చూడటం మన పని కాదు. చూడకుండా చెరిపేస్తేనే అమానత్ నిలబెట్టినట్టు.