సాంచాల మోతలో జారిన యాది

సిరిసిల్లలో యాది జారిపోవడం చెవి దగ్గర మొదలైంది. చేతిమగ్గం పోయి సాంచా (మరమగ్గం) వచ్చాక, 90 డెసిబెల్స్ దాటే మోత పక్కన రోజుకు 12 గంటలు నిలబడ్డ నేతన్నకు నడివయసులోనే వినికిడి మందగించింది. "బాపుకు ఇనరాదు, జర గట్టిగ చెప్పున్రి" అన్నారు ఇంట్లో. కొన్నేళ్లకు ఆయనకు చెప్పడమే మానేశారు.

ఈ బాపుకు నేను పేరు పెట్టను. సాంచాలు ఆడిన ప్రతి వాడలోనూ ఆయన ఉన్నాడు.

పడుచుతనంలో భీవండి పోయి మరాఠీ, హిందీ పట్టుకొచ్చాడు. అదెంత ఆస్తో ఆయనకు తెలియదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించింది: ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, అక్షరం రానివారిలో సైతం. అయితే మాట్లాడటానికి ఎదుట మనిషి ఉండాలి కదా! కొడుకులిద్దరూ జగిత్యాల, కోరుట్ల పల్లెల కొడుకుల్లాగే గల్ఫ్ పోయారు. శుక్రవారం సెలవునాడు ఫోన్ చేస్తారు. ఆయనకు వినబడదు, ఫోన్ అవ్వ చేతికి మారుతుంది.

బీపీ గోళీలు తల తిరిగిన నాడే వేసుకున్నాడు. షుగర్ ఎప్పటినుంచి ఉందో ఎవరికీ తెలియదు. చెవుడు, ఒంటరితనం, బీపీ, షుగర్, బీడీ, చిన్ననాడే ఆగిన చదువు: 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టిన 14 డిమెన్షియా ముప్పుల్లో ఇవన్నీ ఉన్నాయి. ఆ పద్నాలుగింటినీ అరికట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చునన్నది వారి అంచనా.

మొదట తీర్చిన బాకీ మళ్లీ తీర్చబోయాడు. చెప్పిందే చెప్పాడు. అప్పటికింకా తన పని తాను చేసుకునేవాడు. నా గుండెను ఎక్కువగా కోసేవి ఆ రోజులే. ఆ తొలి మతిమరుపు దశలో ఉన్న అందరూ డిమెన్షియాలోకి జారరు. కొందరు కోలుకుంటారు కూడా. బీ12 లోపమో, థైరాయిడో, లోలోపలి దిగులో కారణమైతే మందుంది. "వయసైంది, ఛాదస్తం" అన్నారు. పరీక్ష జరగలేదు. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చేసరికి ఆయన ఇంటి దారి మరిచిపోయాడు. తర్వాత అవ్వ ముఖం కూడా.

ఆ అవ్వ కోరుట్ల ఆడబిడ్డ, ఇప్పటికీ బీడీలు చుడుతోంది. రాత్రి ఆయన లేచి తిరిగితే తానూ లేస్తుంది. ఆమెకూ బీపీ ఉంది. ఆమెను దవాఖానకు తీసుకుపోయే మనిషి ఇంకా గల్ఫ్‌లోనే ఉన్నాడు.