ముదిమిలో పడిపోవుట: దాని విచారణ చరిత్ర

ముసలివారు పడిపోవుట లోకమునకు క్రొత్త కాదు. దానికి కారణము వెదకవలెనను తలపు మాత్రము క్రొత్తది. ఇరువదవ శతాబ్ది నడుమ వరకు వైద్యులు విరిగిన తుంటియెముకను చూచిరే కాని, ఆ మనిషి ఏల పడెనని అడిగినవారు అరుదు. ఇంటివారికి అది వయోధర్మము, ఇరుగుపొరుగువారికి పరాకు. ఈ రెండు మాటలతోనే విచారణ ముగిసిపోవుచుండెను.

ఈ పద్ధతిని మార్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ వైద్యుడు జోసెఫ్ షెల్డన్. రోగులు ఆసుపత్రికి వచ్చువరకు ఆయన వేచియుండలేదు. రేషను పుస్తకముల పట్టికనుండి 477 మంది వృద్ధులను ఎంచి, వారి యిండ్లలోనే స్థితిగతులను విచారించి 1948లో గ్రంథము ప్రకటించెను. 1960లో వెలువడిన ఆయన వ్యాసము మనకు మరింత ప్రధానము. అందు 202 మందికి సంభవించిన 500 పతనములను కారణములనుబట్టి విభజించెను. సుమారు మూడవవంతు జారుట మున్నగు ప్రమాదములు. నాలుగవవంతు విచిత్రమైనవి: నడచుచున్న మనిషి, స్పృహ తప్పకయే, కాళ్ళలో బలముడిగినట్లు హఠాత్తుగా కూలుట. కాలు తట్టుకొనుట, తల తిరుగుట, పైనున్న వస్తువుకై తల వెనుకకు వంచుట మొదలైనవి తక్కినవి. మెట్లు దిగువారిలో కొందరు, నేలకు చేరితిమనుకొని కడపటి మెట్టును విడిచి పడుచుండిరనియు ఆయన గమనించెను. దీనిని పరాకనుట సులభము. మసకచూపునకు చాలని వెలుతురనుట న్యాయము.

ఈ విభజనకు కావలసిన క్రియలన్నియు తెలుగు ఇండ్ల నుడికారమున గలవు. జారిపడుట వేరు, తట్టుకొని పడుట వేరు, తూలిపడుట వేరు, కళ్ళు తిరిగి పడుట వేరు, ఉన్నపాటున కుప్పకూలుట వేరు. మొదటిది పాచిపట్టిన పెరటి చప్టాను చూడుమనును. రెండవది గడపను, పంచె అంచును, కంటిచూపును. కళ్ళు తిరిగెనన్నచో రక్తపుపోటును, గుండెను, వాడుచున్న మందులను పరీక్షింపవలెను.

పడినతరువాతి కథ అంతకన్న విచారకరము. ‘మీరు కదలకండి నాన్నగారూ’ అను మాట ప్రేమచేతనే పుట్టును. కాని కదలని కాళ్ళు త్వరలోనే క్షీణించి, రెండవ పాటుకు దారితీయును. లండను సమీపమున వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో 1935 నుండి మార్జరీ వారెన్ అను వైద్యురాలు, మంచమునకు అంటుకొనిపోయిన దీర్ఘరోగులలో అనేకులను మరల లేపి నడిపించెను. 1947లో రిచర్డ్ ఆషర్ అతిశయనమువలని కీడులను వైద్యపత్రికలో ఎండగట్టెను. 1982లో మర్ఫీ, ఐజాక్స్ అనువారు, ఒకసారి పడినవారు భయముచేత గోడలను, కుర్చీలను పట్టుకొనక అడుగు వేయలేని స్థితిని వర్ణించిరి.

నివారణము సాధ్యమని లెక్కలతో తేలుటకు మరికొంత కాలము పట్టెను. 1994లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన మేరీ టినెటి బృందము 70 ఏండ్లు, అంతకు పైబడిన 301 మందిని రెండు వర్గములు చేసెను. మందులు సవరించి, వ్యాయామము నేర్పిన వర్గమున ఏడాదిలో పడినవారు నూటికి 35 మంది. రెండవ వర్గమున 47 మంది. 1997లో న్యూజీలాండునందు 80 ఏండ్లు నిండిన స్త్రీలకు ఇంటివద్దనే కాళ్ళబలమునకు, నిలుకడకు సాధన చేయింపగా పాటులు తగ్గెను. శుక్లముల శస్త్రచికిత్సను ఆలసింపక చేసినచో పడుట సుమారు మూడవవంతు తగ్గునని 2005లో నాటింగ్‌హామ్ పరిశోధకులు చూపిరి.

చెన్నపట్టణమున 1978లో ప్రభుత్వ సాధారణ ఆసుపత్రియందు డాక్టరు వి. ఎస్. నటరాజన్ వృద్ధులకై ప్రత్యేక వైద్యము ప్రారంభించెను. 1996లో మదరాసు వైద్యకళాశాలలో ఈ శాఖయందు ఎం.డి. చదువు ఏర్పడెను. అడుగు వైద్యులు అట్లు లభించిరి. చెప్పుటలోనే చిక్కు. తరతరములుగా అక్కడ నున్న అనేక తెలుగు కుటుంబములలో తాతగారి మాట తెలుగు, మనుమని చదువు తమిళము లేక ఇంగ్లీషు. వైద్యుని యెదుట మాటలాడువాడు మనుమడే. తాతగారు ‘ఉన్నపాటున కాళ్ళు కూలినవిరా’ అనినను, వైద్యుని చెవికి చేరునది ‘పడిపోయినారు’ అను ఒక్క మాట. తమిళమునను ఈ భేదములకు వేర్వేరు క్రియలు లేకపోలేదు. మనుమనికి తాతగారి క్రియ తెలియకపోవుటయే లోపము. పడిన చోటు, వేళ, అప్పుడు చేయుచున్న పని, వాడుచున్న మందులు, వీనిని తాతగారి మాటలలోనే వ్రాసికొని, ఆ క్రియకు అర్థము ఇంటనే అడిగి తెలిసికొని పోవు మనుమడు వైద్యునికి సగము శ్రమ తగ్గించును.